చుట్టూ రెండు వేళ్లు

మా కింద వాటాలో కుట్టుషాపు నడిపే మాస్టారు ఒక చొక్కా కుడితే, దాని లోపల ఇంకో అరచొక్కాకి సరిపడా గుడ్డ దాక్కుని ఉంటుందని వీధిలో అంటారు. అతిశయోక్తి పెద్దగా లేదు. ప్రతి కుట్టు లోపల, ప్రతి అంచు మడతలో ఆయన రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదులుతాడు. మిగతా టైలర్లు ఒక వేలు వదిలి అదే దానం చేసినట్టు చెప్పుకుంటారు. ఈయన్ని అందరూ రెండువేళ్ల మాస్టారు అంటారు. ఆ పేరు విని కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఆయన చేతుల వంక చూస్తారు. పదీ ఉన్నాయని తేలాక కొంచెం నిరాశగా కొలతలు ఇస్తారు.

ఎందుకంత వదులుతారని నేను ఒకసారి అడిగాను. కొలత ఇవాళ్టి సంగతి, మనిషి రేపు కూడా తింటాడు కదా అన్నాడు. ముప్పయ్యేళ్లలో తన దగ్గరికి బట్టలు వదులు చేయమని వచ్చినవాళ్లే గాని బిగించమని వచ్చినవాళ్లు నలుగురు కూడా లేరట. ఆ నలుగురిలో ఇద్దరు అబద్ధాలకోరులట.

ఆయన భార్య కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది, అంచులు మడుస్తుంది. నేను పిన్నీ అని పిలుస్తాను. షాపులో పని మూడువంతులు ఆవిడదే. కాని కటింగ్ బల్ల మీద ఉండే పెద్ద ఇనుప కత్తెర జోలికి మాత్రం ఆవిడ వెళ్లకూడదు. అది మోచేతికి కొంచెం తక్కువ పొడుగుంటుంది, ఆయన కుడిచేతి వేళ్లకి అరిగి అరిగి సరిపోయింది. కుట్టడం ఎవరికైనా వస్తుంది, కత్తిరించడమే పని అని ఆయన సిద్ధాంతం. తప్పు కుడితే విప్పుకోవచ్చు, తప్పు కత్తిరిస్తే విప్పడానికి ఏముంటుంది అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా కుడిచేతిని కొంచెం పైకెత్తి, అద్దంలో చూసుకుంటున్నట్టు చూసుకుంటాడు. ఇంట్లో దేనికైనా గర్వం ఉందంటే ఆ చేతికే ఉంది. ఆ చెయ్యి పోవలసిన వారం గురించే నేను రాస్తున్నాను.

ఇందులో నా వాటా ఉంది కాబట్టి నా గురించి రెండు ముక్కలు. నేను మైక్రోబయాలజీ చదివాను. పాల ఫ్యాక్టరీ ల్యాబులో రెండేళ్లు జీతం తీసుకుని సూక్ష్మజీవుల్ని లెక్కపెట్టాను. బిడ్డ పుట్టాక ఇంట్లో ఉచితంగా లెక్కపెడుతున్నాను. మా బుడ్డదానికి అప్పటికి రెండేళ్లు. అది నేల మీద పడ్డ బిస్కట్ ముక్క నోట్లో పెట్టుకుంటే నాకు దాని వెనక ఒక పాఠ్యపుస్తకం అంతా కనిపించేది. మా ఆయన నన్ను చూసి, చదువుకోని తల్లులు ఎంత హాయిగా ఉంటారో అని పైకే అనేవాడు.

ఆ సంవత్సరం ఎండలు మొదలవుతున్నప్పుడు బుడ్డదాన్ని పిక్క మీద ఏదో పురుగు కుట్టింది. అది గోకింది. మర్నాటికి చుట్టూ ఎర్రబడింది. పిల్లల డాక్టరు చూసి మందు రాసి, జేబులోంచి బాల్‌పెన్ను తీసి ఆ ఎరుపు చుట్టూ ఒక గీత గీశాడు. పక్కన టైము వేశాడు. ఎరుపు గీత దాటితే వెంటనే తీసుకురండి, వెనక్కి తగ్గితే మందు పనిచేస్తున్నట్టు అన్నాడు. ఇంత చవగ్గా, ఇంత శాస్త్రీయంగా ఉన్న సంగతి నేను ఎన్నడూ చూడలేదు. రెండు రోజులు స్కేలు పట్టుకుని ఆ పిక్క పక్కనే కూర్చున్నాను.

ఆ గీతతోనే పిల్లని ఎత్తుకుని కిందికి దిగితే మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఎవరమ్మా ఈ మార్కింగు వేసింది? చెయ్యి తిరిగినవాడిలా లేడే."

డాక్టరు అని చెప్పాను. మరి అంచుకి ఏమీ వదల్లేదేమిటన్నాడు. నేను నవ్వాను. అప్పుడే నేను చెవులు రిక్కించి ఉండాల్సింది. కాని బుడ్డది గుండీల డబ్బాలో చెయ్యి పెట్టింది, నా ప్రాణం అటు పోయింది. ఎరుపు రెండోరోజుకి గీత లోపలికి ముడుచుకుంది, నాలుగో రోజుకి పోయింది. ఆ రోజునుంచి గీత మీద నాకు ఏర్పడ్డ నమ్మకం అంతా ఇంతా కాదు.

నెల తిరక్కుండానే కోర్టు గుమాస్తా ఒకాయన పాత కోటు తెచ్చాడు. పన్నెండేళ్ల కిందట మాస్టారు కుట్టిందే. గుమాస్తా ఆ పన్నెండేళ్లూ తిన్నాడు. కోటు నడుం దగ్గర కలవడం మానేసింది. మాస్టారికి ఇంతకన్నా ఆనందం ఉండదు. నేను వదిలానా లేదా అని గుమాస్తాని నాలుగుసార్లు అడిగి, ఒప్పించుకుని, పక్క కుట్టు విప్పి, తను దాచిన రెండు వేళ్ల గుడ్డలోకి చెయ్యి దూర్చాడు. ఆ మడతలో తుప్పు పట్టిన గుండుసూది ఒకటి పన్నెండేళ్లుగా ఆయన కోసమే కాచుక్కూర్చుంది. అదీ ఆయన మరిచిపోయిందే. కుడిచేతి వెనక వైపు, నడిమివేలి మెటిక కింద దిగింది.

రక్తం రెండు చుక్కలు వచ్చింది. టైలర్లందరూ చేసేదే ఆయనా చేశాడు. చేతిని నోటి దగ్గర పెట్టుకుని చప్పరించి, ఉమ్మేసి, పని చేసుకున్నాడు. అంతకు మూడు రోజుల ముందునుంచి ఆయనకి గొంతునొప్పి. మెడకి మఫ్లరు చుట్టుకుని వేడినీళ్లు తాగుతున్నాడు. ఈ రెండు సంగతులకీ సంబంధం ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, పైగా నాకు డిగ్రీ ఉంది.

మర్నాటి ఉదయానికి చెయ్యి ఎర్రబడి, మెటికలు కనపడకుండా వాచింది. ముట్టుకుంటే కాలుతోంది. వీధి అంతా కలిసి రోగం తేల్చేసింది. వేడి చేసింది. మన భాషలో ఇది ఎంత సౌకర్యమైన మాటో చెప్పలేను. ముక్కులోంచి రక్తం వస్తే వేడి చేసింది, నోరు పూస్తే వేడి చేసింది, కోపమొస్తే కూడా వేడి చేసిందనే అంటారు. గడ్డ లేస్తే దాని పేరులోనే సెగ పెట్టి సెగ్గడ్డ అన్నారు. చెయ్యి వేడిగా ఉన్న మాట నిజమే. ఆ వేడి ఆయన తిన్నదాన్నుంచి వచ్చింది కాదు, ఆయన్ని తింటున్నదాన్నుంచి వచ్చింది. కాని చల్లటి నిమ్మరసం ఇచ్చారు. ఎదురింటాయన టూత్‌పేస్టు పూయమన్నాడు, మంట లాగేస్తుందట. పూశారు. చెయ్యి కాసేపు పుదీనా వాసన వేసింది.

ఆ పూట బుడ్డదాన్ని చంకనేసుకుని షాపుకి వెళ్లాను. మాస్టారు ఎడంచేత్తో కుడిచేతిని పాపాయిలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను గడప లోపలికి వెళ్లలేదు. ఇది ఒప్పుకోవాలి. ఆ చేతిలో ఏ జాతి సూక్ష్మజీవి ఉంటుందో రెండు పేర్లు ఊహించుకున్నాను, నా చంకలో ఉన్న పిల్లని చూసుకున్నాను, గడప బయటే ఆగిపోయాను. అక్కణ్నుంచే, పక్కింటావిడ రైలు టైములు చెప్పినట్టు, సలహా చెప్పాను. డాక్టరుకి చూపించండి అన్నాను. కోటు ఇవ్వాల్సి ఉంది, రేపు వెళతానన్నాడు. అయితే ఈలోగా ఒక పని చేయండి అని గీత సంగతి చెప్పాను. ఎరుపు గీత దాటిందంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి అన్నాను.

"ఎరుపు చుట్టూ గీయాలి. అంతేనా?"

"అంతే. చుట్టూ."

చూపుడువేలితో గాలిలో ఒక సున్నా కూడా చుట్టి చూపించాను. లోపలికి నడిచి, పెన్ను తీసుకుని, నేనే గీస్తే అర నిమిషం పట్టేది.

ఆయన ముందు బల్ల మీద ఉన్న చాక్ ముక్కతోనే గీశాడట. చెమటకి చెరిగిపోయింది. అప్పుడు పిన్ని రసీదు పుస్తకం దగ్గరున్న బాల్‌పెన్ను ఇచ్చింది. ఎడంచేత్తో గీసినా వంకర లేకుండా, భుజం కుట్టు దగ్గర చంక గుండ్రం తిప్పినట్టు చక్కగా తిప్పాడట. మందుల షాపాయన నొప్పికి రెండు రకాల బిళ్లలూ, ఏదో యాంటీబయాటిక్ అని మూడంటే మూడు బిళ్లలూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర మూడే బిళ్లలుంటాయి.

సాయంత్రం ఫోన్ చేశాను. దాటలేదంది పిన్ని. మర్నాడు ఎనిమిదింటికి మళ్లీ చేశాను.

"దాటలేదమ్మా. గీతకి ఇవతలే ఉంది, బుద్ధిగా. కాని నొప్పి అని పళ్లు కొరుకుతున్నారు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. రెండు వాంతులయ్యాయి."

పరగడుపున నొప్పి బిళ్లలు వేసుకుంటే వాంతులవుతాయి అన్నాను. నా గొంతులో ఎంత ధీమా ఉందో నాకే వినిపించింది. గీత దాటలేదు కదా. ఏదన్నా తిని వేసుకోమనండి అని ఫోన్ పెట్టేసి, బుడ్డదాని పాలగిన్నెని రెండోసారి మరిగించాను.

పదకొండు గంటలకి, కుట్టడానికిచ్చిన బుడ్డదాని గౌను తెచ్చుకుందామని కిందికి దిగాను. పిల్ల మా ఆయన దగ్గర ఉంది కాబట్టి ఈసారి గడప దాటాను. మాస్టారు గోడకి ఆనుకుని, కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. మొహం బూడిద రంగులో ఉంది. నన్ను చూసి, గుమాస్తాగారూ, మీ నడుం నలభై రెండు కదా అన్నాడు. నేను కాదు మాస్టారూ అన్నాను. అయితే నలభై నాలుగు పెడతాను అన్నాడు.

చెయ్యి చూశాను. మణికట్టు దాటి ముంజేతి మీద నీలి రంగు గీత ఉంది. నిజంగానే అందమైన గీత. ఎరుపు ఆ గీత దాకా వచ్చి, ఎక్కడా ఒక్క వెంట్రుకవాసి ఖాళీ లేకుండా దాని వెంటే ఆగినట్టుంది. అంత సరిగ్గా ఆగడం నాకు నచ్చలేదు.

"మాస్టారూ, నిన్న ఎరుపు ఎక్కడిదాకా ఉంది?"

ఆయన ఎడంచేతి చూపుడువేలూ నడిమివేలూ కలిపి ఆ గీతకి లోపలి వైపు ఆనించాడు.

"ఇక్కడిదాకా. అంచు మీద గీస్తే ఎలాగమ్మా? చుట్టూ రెండు వేళ్లు వదిలి గీశాను. పెరుగుతుంది కదా."

నిన్నటినుంచి ఎరుపు రెండు వేళ్లు పాకింది. అది పెరగడానికి ఆయన శ్రద్ధగా చోటు వదిలాడు. పిన్ని నిజమే చెప్పింది, గీత దాటలేదు. నేను గీత దాటిందా అని అడిగాను గాని, గీత ఎక్కడుందని అడగలేదు.

మెటిక పక్కన పావలా బిళ్లంత చోటు ఊదా రంగులోకి తిరిగి ఉంది. దాని మీద నల్లటి నీరు పట్టిన బొబ్బ. నేను వేలితో దాని పక్కన తాకాను. పొద్దున దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయిన మనిషి కదల్లేదు.

"అక్కడ నయమేనమ్మా. అక్కడ అసలేం తెలియడంలేదు," అన్నాడు.

నొప్పి తగ్గడం వేరు, చర్మం కింద నరం చచ్చిపోయి నొప్పి తెలియకపోవడం వేరు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యం. పిన్నిని పిలిచి ఆటో తెమ్మన్నాను. గుమాస్తా కోటు ఇచ్చాక వెళదామని మాస్టారు మొదలుపెట్టాడు. పిన్ని ఆ కోటు తీసి వీధి వైపు విసిరేసింది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన మాట పూర్తికాకముందే ఆవిడ ఏదన్నా చేయడం అదే మొదలట.

ఆసుపత్రిలో చూసింది ఒక సర్జనమ్మ. నలభై దాటి ఉంటాయి, పొట్టిగా, మాటలు కూడా పొట్టిగా. చెయ్యి చూసింది, బొబ్బ చుట్టూ నొక్కింది, రక్తపోటు చూడమంది, ఎన్నాళ్లయిందని అడిగింది. గొంతునొప్పి ఏమైనా వచ్చిందా అంది. పిన్ని మఫ్లరు సంగతి చెప్పింది. గుచ్చుకున్నచోట నోరు పెట్టారా అంది. మాస్టారు పెట్టానన్నట్టు తలూపాడు. గొంతులో ఉన్నది చేతిలోకి దిగి ఉండొచ్చు అంది సర్జనమ్మ. ఆయనకి బుర్ర తిరుగుతోంది కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే పాతుకుపోయిన ఆ అలవాటుని అక్కడే సమర్థించేవాడు.

తర్వాత మమ్మల్ని పక్కకి పిలిచి చెప్పింది. చర్మం కింద ఒక పొర ఉంటుంది, ఇది దాని వెంట పాకుతోంది. పైన కనిపించేది కొంచెమే. మందులు సెలైన్లో ఎక్కిస్తారు, కాని చచ్చిపోయిన కండలోకి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లనిచోటికి మందూ వెళ్లదు. కోసి తీసేయాలి. ఇప్పుడే. చెయ్యి ఉంటుందా అని పిన్ని అడిగింది. తెరిచి చూస్తేగాని చెప్పలేను, ముందు మనిషి ఉండాలి అంది. ముంజేతి దగ్గర తీసేయాల్సి వస్తే దానికీ ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలంది.

కాగితం మాస్టారి ముందు పెట్టారు. జ్వరంలో కూడా ఆయనకి ముంజేయి అన్న మాట వినిపించింది. సర్జనమ్మ వంక ఒక్క క్షణం బాగా తెలివిగా చూశాడు.

"హాఫ్ హ్యాండ్ చేస్తారన్నమాట."

"సాధ్యమైనంతవరకూ ఫుల్ హ్యాండే ఉంచడానికి చూస్తాను," అంది ఆవిడ, మొహంలో ఏమీ మారకుండా.

ఆయన ఎడంచేతి బొటనవేలు ముద్ర వేశాడు.

తలుపు మూసుకున్నాక మేమిద్దరం ఇనుప బెంచీ మీద కూర్చున్నాం. మూడు గంటలు. పిన్ని చేతులు ఊరికే ఉండలేక, తన పైట చెంగు అంచు విప్పి మళ్లీ గోటితో మడుస్తోంది. నేను చెప్పేశాను. నిన్న లోపలికి రాకపోవడం పిల్ల గురించి భయపడి అని చెప్పాను. నేనే గీసి ఉంటే నిన్న సాయంత్రమే దాటి ఉండేదని, అప్పుడే ఇక్కడికి వచ్చేవాళ్లమని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వు చుట్టూ అన్నావు, ఆయన చుట్టూ గీశారు," అంది ఆవిడ. "ఆ మనిషి నా బట్టలకే రెండేసి వేళ్లు ఎక్కువ వదులుతారు. ముప్పయ్యేళ్లుగా నేను లావవుతానని ఎదురు చూస్తున్నారు."

నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఆవిడ ఏడ్చింది. తర్వాత నేను.

సర్జనమ్మ బయటికి వచ్చేసరికి నాలుగైంది. చెయ్యి ఉంది, ఇవాళ్టికి అంది. నడిమివేలు తీసేయాల్సి వచ్చింది. చెయ్యి వెనకవైపు, ముంజేతి మీద జానెడు మేర చర్మమూ, కింద పొరా తీసేశారు. రేపు మళ్లీ తెరిచి చూడాలి, ఎల్లుండి మళ్లీ. నేను ఆవిడ వెనకే వెళ్లి, ఎవరూ అడక్కుండానే, గీత కథ చెప్పాను. మైక్రోబయాలజీ అని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో, మార్కులు తగ్గించమనేమో.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ విన్నది. గీత అంచు మీదే గీయాలి, టైము వేయాలి, అది నిజమే అంది.

"కాని ఆయన నొప్పి అని రెండు రోజులు చెప్పారు కదా. చూడ్డానికి ఉన్నదానికంటే నొప్పి ఎక్కువగా ఉందంటే, వాంతులూ జ్వరమూ ఉన్నాయంటే, గీత ఎక్కడున్నా తీసుకురావాలి. మనిషి చెబుతుంటే మీరు గీతని అడిగారు."

అందులో కోపం లేదు. సరిచేసిన జవాబు పత్రం ఇచ్చినట్టు ఇచ్చి వెళ్లిపోయింది.

ఆయన నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు. మూడుసార్లు తెరిచారు. మూడోసారి ఇంక తీయడానికి చెడ్డది ఏమీ లేదన్నారు. అయిదో రోజు నన్ను చూడనిచ్చారు. గొట్టాల మధ్య మాస్టారు ఇంకొంచెం చిన్నగా కనిపించాడు. క్షమాపణ ఎలా చెప్పాలా అని మెట్లెక్కుతూ నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను. వాటికంటే ముందే ఆయన అందుకున్నాడు.

"ఆ డాక్టరమ్మని అడిగానమ్మా, చెడిందానికంటే ఎక్కువ కోశారట కదా, ఎందుకని. చుట్టూ బాగున్నది కూడా కొంచెం కలిపి కోస్తేగాని చెడింది మొత్తం వచ్చినట్టు కాదట." గొంతులో గొప్ప తృప్తి ఉంది. "వదిలే అలవాటు ఆవిడకీ ఉంది. మంచి పనిమంతురాలు."

నా నాలుగు వాక్యాల్లో పొట్టిదాన్ని ఎలాగో మధ్యలో దూర్చాను. ఆయన వినిపించుకోనట్టే కిటికీ వైపు చూశాడు. కాసేపయ్యాక, నిన్న పిల్ల గుండీల డబ్బా అడిగిందట కదా, ఆడుకోనివ్వు, గుండీ మింగదులే అన్నాడు. నాకు గుండీలంటే ఎంత భయమో ఆయనకి తెలుసు. తిట్టదలచుకున్నప్పుడు ఆయన ఎలా తిడతాడో నాకూ తెలుసు. అదే తిట్టు.

తర్వాత తొడమీద నుంచి పల్చగా చర్మం తీసి చేతికి వేశారు. దాంతో ఆయనకి ఆసుపత్రి పూర్తిగా తన రంగంలోకి వచ్చేసింది. చూడవచ్చిన ప్రతివాడికీ తొడ గుడ్డ తీసి చేతికి అతుకు వేశారని చెప్పాడు. అతుకు చుట్టూ కుట్లకి బదులు స్టేప్లరు పిన్నులు కొట్టారని తెలిశాక మాత్రం ఒక పూట అన్నం తినలేదు. కాగితాలకి కొట్టినట్టు కొట్టారమ్మా, నాకు చెబితే దారం నేనే ఇచ్చేవాణ్ని కదా అన్నాడు. కట్టు మార్చే నర్సుకి గుడ్డకి అతుకు వేస్తే ఎక్కడ గొలుసుకుట్టు వేయాలో, ఎక్కడ వట్టి టాకా చాలో విడమరిచి చెప్పాడు. మర్నాటినుంచి ఆ అమ్మాయి ఆయన నిద్రమత్తు వదలకముందే కట్టు మార్చడానికి వచ్చేది, రెండోసారి వినకుండా తప్పించుకోవచ్చని.

నెలన్నర తర్వాత ఇంటికి వచ్చాడు. ఈ నెలన్నరలో పిన్ని కత్తెర పట్టింది. ఎవరినీ అడగలేదు. అద్దె ఉంది, కోటు కోసం గుమాస్తా తిరుగుతున్నాడు, పట్టింది. గీత మీదే కత్తిరించింది, లోపల ఒక వేలు మాత్రమే వదిలింది. చొక్కాలు ఒంటికి సరిగ్గా కూర్చుంటున్నాయని జనం అన్నారు. మాస్టారు ఎడంచేత్తో కాఫీ తాగుతూ ఆ మాటలు విని, ఏడాది తిరగనీ, అప్పుడు చూద్దాం అన్నాడు. కాని ఆవిడ కత్తిరిస్తుంటే ఆయన చూపు బల్లమీదికి పోయేది కాదు. గోడ మీద క్యాలెండరు చూసేవాడు.

పని లేదు కాబట్టి ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. కొలతలివ్వడానికి వచ్చినవాడి మెడ మీద మొటిమ ఉన్నా వదిలేవాడు కాదు. తన చెయ్యి చాపి, చూడండి, కోటుకి పైగుడ్డ బాగానే ఉంటుంది, లోపల లైనింగు వెంట చెద పాకుతుంది, బయటికి తెలిసేసరికి కోటు లేదు అనేవాడు. నేను అయిదేళ్లు చదివి ఇంత బాగా ఎవరికీ చెప్పలేకపోయాను. గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడగండి, నోట్లో పెట్టుకోకండి అనేవాడు. ఎర్రబడి వాచి, కనిపించేదానికంటే నొప్పి ఎక్కువ ఉంటే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి, మందుల షాపుకి కాదు అనేవాడు. గీయాల్సివస్తే ఎరుపు అంచు మీదే గీయండి అనేటప్పుడు గొంతు కొంచెం తగ్గేది. తన ముప్పయ్యేళ్ల సిద్ధాంతానికి ఒక మినహాయింపు ఉందని ఒప్పుకోవడం ఆయనకి నడిమివేలు పోయినదానికంటే కష్టంగా ఉండేదని నా అనుమానం.

చెయ్యి మాత్రం మొండికేసింది. నడిమివేలు లేదు, ఉంగరం వేలు సగమే వంగుతుంది. పెద్ద కత్తెర కింది కన్నంలో బలం పట్టేది ఆ రెండు వేళ్లే. ఎడంచేత్తో ప్రయత్నించాడు. కుడిచేతి కత్తెర ఎడంచేతిలో గుడ్డని కొయ్యదు, రెండు రెక్కల మధ్య మడిచి నలిపి వదిలేస్తుంది. ఎడంచేతి కత్తెరలు దొరుకుతాయని నేను ఎక్కడో చూసి చెప్పాను. అది వేరే మనిషి కత్తెర అన్నాడు. ఫిజియోథెరపీ ఆయన రబ్బరు బంతి నొక్కమని ఇచ్చాడు. బంతిని మా బుడ్డదానికి ఇచ్చేసి, రోజూ మధ్యాహ్నం పాత వార్తాపత్రికలు కత్తిరించడం మొదలుపెట్టాడు. మొదటి వారం కాగితం చిరిగింది. నాలుగో వారానికి తెగింది. అప్పుడప్పుడు అతుకు పగిలి నీరు కారేది. పిన్ని కట్టు మార్చి, కత్తెర తీసి మళ్లీ ఆయన ముందే పెట్టేది.

మూడు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి బల్లమీద పల్చటి తెల్లగుడ్డ పరిచి ఉంది. ప్యాంటు జేబు లోపలి సంచీకి వాడే గుడ్డ, ఉన్నవాటిలోకెల్లా మెత్తనిది. మాస్టారు కుడిచేత్తో కత్తెర పట్టుకుని వంగి ఉన్నాడు. బొటనవేలు పై కన్నంలో, చూపుడువేలూ చిటికెనవేలూ కిందిదానిలో, మిగిలిన ఉంగరం వేలు వాటి పక్కన చేరగిలబడి. అతుకు వేసిన చోట చర్మం బిగుసుకుని తెల్లబడుతోంది. పిన్ని మిషను దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించినట్టు నటిస్తోంది.

జానెడు బాగానే వెళ్లింది. మలుపు దగ్గర చెయ్యి వణికి, కత్తెర గీత వదిలి పక్కకి పోయింది. ఆయన ఆగలేదు, చివరిదాకా కత్తిరించి, ముక్కని రెండు చేతులతో పట్టుకుని వెలుగులో చూశాడు.

పిన్ని సూది వదిలేసి వచ్చి చూసింది.

"వంకరపోయింది," అంది.

"పోయింది," అన్నాడు ఆయన. "ఎవరు కత్తిరించారు?"

"మీరే."

ఇంకో ముక్క కత్తిరించమంటుందేమో అనుకున్నాను. ఆవిడ ఆ ముక్కని తీసుకెళ్లి, మిషను కింద పెట్టి, వంకరని మడతలోకి నెట్టి సంచీ కుట్టేసింది. తర్వాత దాన్ని ఎవరిదో బూడిదరంగు ప్యాంటుకి వేసి, చేతితో ఒకసారి లోపలికి తోసి చూసి, ఇస్త్రీకి పక్కన పెట్టింది. మాస్టారు కత్తెరని గుడ్డతో తుడిచి రెండో జేబుకి గుడ్డ పరిచాడు.

ఆ ప్యాంటు తీసుకెళ్లినవాడు ఇంతవరకూ ఫిర్యాదు చేయలేదు.